నాన్న పట్టిన తప్పు

మాది పులికాట్ దాపున సేద్యపు కుటుంబం. మొన్న కంప్యూటర్‌లో తయారైన ఫ్లెమింగో బొమ్మను చూసి నాన్న, "ఏందిరా, నీళ్లమీద పరుగెత్తకుండానే పైకి లేచిందే!" అన్నాడు. రంగులకు మురిసిపోయిన నాకు, ఫిజిక్సు చదువుతూ కూడా, ఆ తప్పు కనబడలేదు.

2003లో రీట్స్‌మా, పొలార్డ్ అనే పరిశోధకులు మనిషి గెంతే బొమ్మల్లో కావాలని తప్పులు చొప్పించి చూపించారు. అకారణంగా వేగం తగ్గిన గెంతుకంటే, పెరిగిన గెంతునే చూపరులు తేలిగ్గా పట్టేశారు. అంటే, సూత్రం తెలియకున్నా కంటికి లెక్క తెలుసు. ఆ లెక్క నిత్యం చూసేవాళ్లకే బాగా వస్తుందని నా నమ్మకం. మనమేమో గతిసూత్రాలు మార్కులకోసం వల్లిస్తున్నాం.

యానిమేషన్ నేర్వబోయే మిత్రులారా, ఈ చలికాలం ఒక్కపూటైనా సరస్సు గట్టున కూర్చోండి. పక్కన ఒక రైతునూ కూర్చోబెట్టుకోండి.