కొద్దిమంది ఆటకూ వేరే వరుస

పిల్లలు ఆన్‌లైన్‌లో ఆడే తుపాకీ ఆటల్లో ఒక తగవు నడుస్తోంది. కొద్దిమందికే నచ్చే పద్ధతులకు విడిగా ప్లేలిస్టు ఇవ్వాలా, అన్నిటినీ ఒకే వరుసలో కలపాలా? విడిగానే ఇవ్వాలంటాం మేము.

2021 నవంబరులో 'హేలో ఇన్ఫినిట్' మల్టీప్లేయర్ వచ్చినప్పుడు చాలావరకు కలిపే పెట్టారు. జెండా ఎత్తుకొచ్చే ఆటైనా, ఎదుటివారిని కాల్చే స్లేయరైనా, ఏది వస్తే అదే ఆడాలి. ఆటగాళ్లు ఊరుకోలేదు. డిసెంబరులో స్లేయర్‌తో పాటు ఫియెస్టాకు, టాక్టికల్ స్లేయర్‌కు కూడా వేరే ప్లేలిస్టులు వచ్చాయి.

కంపెనీల భయం వట్టిది కాదు. వరుసలు పెరిగితే ఒక్కోదానిలో ఆటగాళ్లు పలచబడతారు, ఎదురుచూపు పెరుగుతుంది. దూరపు సర్వర్‌కు తోస్తే ఆట తడబడుతుంది. కానీ కలిపితే? నచ్చని పద్ధతి రాగానే పిల్లవాడు మధ్యలో లేచిపోతాడు, మిగతా జట్టు దెబ్బతింటుంది. (మనం "ఇక కట్టేయ్‌రా" అని గదమాయించినా అంతే. ఆ ఆటను మధ్యలో ఆపి ఉంచడం కుదరదు.)

2023లో 'ఏపెక్స్ లెజెండ్స్' ఎరీనాస్‌ను తీసేసి, పద్ధతులు మారుతుండే మిక్స్‌టేప్ పెట్టింది. ఎరీనాస్ ఇష్టపడ్డవాళ్లకు చోటే లేకుండా పోయింది. ఆడేవాళ్లు తక్కువైతే శని, ఆదివారాల సాయంత్రాలు మాత్రమే తెరవవచ్చు. ఎంతసేపు ఆగాలో ముందే తెర మీద చూపితే, ఆగేవాళ్లు ఆగుతారు.