చదువుట వేరు, సమర్పించుట వేరు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో చదువుకొని, అశోక్‌నగర్, నారాయణగూడ నెట్ సెంటర్లలో ఉద్యోగ దరఖాస్తులు నింపు యువతీయువకులను మనము నిత్యము చూచుచున్నాము. వారు నొక్కు మీట వెనుక జరుగునదేమో మనలో ఎందరికి తెలియును?

బ్రౌజరు సర్వరుకు పంపు ప్రతి విన్నపమునకు ఒక పద్ధతి ఉన్నది. 1991లో ‘గెట్’ ఒక్కటే ఉండెడిది. 1996 నాటి ప్రమాణములో ‘హెడ్’, ‘పోస్ట్’ కూడ కలవు. ‘గెట్’ పుస్తకము తీసి చదువుట వంటిది. ఎన్నిమార్లు చదివినను పుస్తకము మారదు. ‘హెడ్’ దాని సూచిక కార్డును మాత్రమే చూచుట. ‘పోస్ట్’ సభ్యత్వ పత్రమును, రుసుమును అందజేయుట. రెండుమార్లు ఇచ్చినచో రెండుమార్లు నమోదు కావచ్చును. తరువాత ప్రమాణములలో స్థిరపడిన ‘పుట్’ ఉన్నదాని స్థానమున క్రొత్తదానిని నిలుపును, ‘డిలీట్’ తొలగించును. ఈ రెంటిని మరల పంపినను ఫలితము ఒక్కటే కావలెనని నియమము.

కనుక రుసుము చెల్లించు వేళ పేజీ నిలిచిపోయినచో తొందరపడి మరల పంపరాదు. ముందుగా దరఖాస్తు స్థితిని చూడవలెను. చూచుటవలన హాని లేదు. అయినను భారమంతయు విద్యార్థిపై మోపుట న్యాయము కాదు. ఒకే విన్నపము రెండవమారు వచ్చినపుడు గుర్తించి, రుసుము ఒక్కసారే స్వీకరించు ఏర్పాటు చేయుట వెబ్‌సైటు నిర్మాతల ధర్మము. రేపటి నిర్మాతలము మనమే. ఆ ధర్మమును నేడే నేర్చుకొందము.