ఊరు విడవక్కర్లేని డిగ్రీ

కాలేజీ చదువు ఖర్చంటే ఫీజులే గుర్తొస్తాయి. పేద కుటుంబానికి అంతకంటే బరువైన ఖర్చు మరొకటుంది. చదివే మనిషి సంపాదన ఆ మూడేళ్లూ ఇంటికి రాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ లోటును పూడ్చలేదు. పని మానకుండా చదివించే దూరవిద్య పూడ్చగలదు. వెనకబడిన ప్రాంతాల ఆర్థిక వ్యవస్థకు దానితో ఉన్న అసలు సంబంధం ఇదే.

ఈ సంగతి మనవాళ్లు ముందే గ్రహించారు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగునేలపైనే ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. దాని తొలి ఉపకులపతి జి.రాంరెడ్డే తర్వాత 1985లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నోకూ తొలి సారథి. ఆంధ్రప్రదేశ్ వర్సిటీలో ఇంటర్ చదవనివారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకున్నారు. తెలుగులో పాఠాలు రాయించారు. ఊళ్లలోని డిగ్రీ కాలేజీలనే స్టడీ సెంటర్లు చేసి సెలవు రోజుల్లో తరగతులు నడిపారు. కొత్త భవనాల కోసం ఆగకుండా, ఉన్నవాటినే వాడుకున్న ఆ ఆలోచన నేటికీ గౌరవించదగ్గది. పెళ్లితో చదువాగిపోయిన మహిళలకు, కండక్టర్లకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు యూనివర్సిటీ గడప అలా అందింది.

మామూలు కాలేజీ తెలివైన పిల్లల్ని పాలమూరు నుంచో సిక్కోలు నుంచో పట్నానికి తీసుకుపోతుంది. చాలామంది మళ్లీ తిరిగిరారు. దూరవిద్యలో చదివినవారు అక్కడే ఉంటారు. అయితే ఆ చదువు అక్కడ దేనికి పనికొస్తోంది? మన సమస్య ఇక్కడుంది. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం ఉన్నత విద్యలో సుమారు 4.33 కోట్ల మంది ఉన్నారు. వారిలో పదిమందికి ఒకరు దూరవిద్య విద్యార్థే. వీరిలో ఎక్కువమంది చదివేది బీఏ, బీకాం, ఎంఏ వంటి కోర్సులే. ప్రమోషన్ కోసం తెచ్చుకున్న డిగ్రీ ఆ ఉద్యోగి జీతం పెంచుతుంది. చేసే పని మారకపోతే ప్రాంతం ఉత్పత్తి మాత్రం పెరగదు.

భీమవరం చుట్టూ రొయ్యల చెరువులున్నాయి, గుంటూరులో మిర్చి శీతల గిడ్డంగులున్నాయి, సిరిసిల్లలో మరమగ్గాలున్నాయి. నాణ్యత పరీక్ష, ఎగుమతి పత్రాలు, జీఎస్టీ లెక్కలు, నిల్వ పద్ధతులు తెలిసినవాళ్లు అక్కడ కావాలి. అక్కడి స్టడీ సెంటర్లో చెప్పాల్సిన కోర్సులు ఇవే. ప్రాక్టికల్స్ స్థానిక కర్మాగారంలోనే చేయించవచ్చు. దూరవిద్యకు హద్దులు లేవని నేననను. ప్రయోగశాల అవసరమైన ఇంజనీరింగ్‌ను పోస్టులో పంపే పుస్తకాలతో నేర్పలేం. తగిన అనుమతుల్లేకుండా డీమ్డ్ వర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలపై 2017లో సుప్రీంకోర్టు కఠినంగా వ్యవహరించడం సబబే.

గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టం చేయాల్సి వచ్చింది. ఉద్యోగమిచ్చేవారి అనుమానం ఉత్తర్వుతో పోదు. అభ్యర్థికి పని తెలిస్తేనే పోతుంది. కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ పోర్టల్‌లో పాఠాలు వచ్చినా, సందేహం తీర్చే మనిషి మండలంలో లేకపోతే మధ్యలో మానేసేవారే ఎక్కువవుతారు. వర్సిటీని ఫీజుల మీదే బతకమంటే ఆ మనిషిని నియమించుకునే స్తోమత దానికి ఉండదు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ వచ్చే బడ్జెట్లలో స్టడీ సెంటర్లకు, అక్కడ బోధించేవారికి విడిగా నిధులు కేటాయించాలి.