జీతానికి సీలింగ్ పోయింది.. అద్దెకు మాత్రం మిగిలింది

కాలేజీ అయిపోయి ఉద్యోగానికి సిటీకి వచ్చినవాళ్ల నెల బడ్జెట్ రెండు సంతకాల మీద నడుస్తుంది. ఒకటి ఆఫర్ లెటర్ మీద, రెండోది రూం అగ్రిమెంటు మీద. కంపెనీ జీతం ఆపేసినా, ఓనర్ అడ్వాన్స్ తిరిగివ్వకపోయినా ఖాళీ అయ్యేది ఒకే జేబు. కానీ చట్టం ఈ రెండింటినీ ఒకేలా చూడటం లేదు. జీతం విషయంలో ఫ్రెషర్‌కు కొత్తగా తలుపు తెరుచుకుంది. అద్దె విషయంలో, ముఖ్యంగా హైదరాబాద్‌లో, ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది.

24,000 గీత చెరిగింది

పాత 29 కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. అందులో వేతనాల కోడ్ మనకు ముఖ్యం. జీతం టైముకి ఇవ్వాలనే రూల్ 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనూ ఉంది. అయితే 2017 నుంచి అది నెలకు 24,000 రూపాయల దాకా జీతం ఉన్నవాళ్లకే వర్తించింది. అంటే 30,000 జీతంతో చేరిన సాఫ్ట్‌వేర్ ఫ్రెషర్ ఆ చట్టం కిందికి రాడు. కొత్త కోడ్‌లో ఆ పరిమితి లేదు. సూపర్‌వైజర్, మేనేజర్ కూడా ‘ఉద్యోగి’ నిర్వచనంలోకి వస్తారు. అప్రెంటిస్‌ల చట్టం కింద చేరినవాళ్లు మాత్రం రారు. అందుకే ఆఫర్ లెటర్‌లో ‘అప్రెంటిస్’ అని ఉందా, ‘ట్రైనీ ఇంజినీర్’ అని ఉందా అన్నది చూసుకోవాలి.

కోడ్‌లో మీకు పనికొచ్చే అంశాలు ఇవీ:

- నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి.
- రాజీనామా చేసినా, కంపెనీయే తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్‌కి 45 రోజులు పడుతుంది’ అనేది హెచ్ఆర్ అలవాటే తప్ప ఈ చట్టంలో మాట కాదు. వేరే గడువు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది, కంపెనీకి లేదు.
- చట్టం చెప్పిన కారణాలకు తప్ప జీతంలో కోత పెట్టకూడదు. కోతలన్నీ కలిపినా సగం దాటకూడదు.
- బకాయి కోసం మూడేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. బకాయికి అదనంగా, దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది.
- జీతం ఇచ్చేశామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత కంపెనీదే.

మరి పట్టించుకునేదెవరు?

అసలు చిక్కు ఇక్కడే. ప్రైవేటు ఐటీ కంపెనీల్లో ఈ కోడ్‌ను అమలు చేయాల్సింది రాష్ట్ర కార్మిక శాఖ. పాత లేబర్ ఇన్‌స్పెక్టర్ పేరు ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. తనిఖీ చేయాల్సిన మనిషే యజమానికి సలహాలూ ఇవ్వాలి. ఏ సంస్థను తనిఖీ చేయాలో కంప్యూటర్ ర్యాండమ్‌గా ఎంపిక చేసే పద్ధతికీ కోడ్ వీలు కల్పించింది. మామూళ్లు, వేధింపులు తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ డేటాబేస్‌లో లేని సంస్థను ఏ సాఫ్ట్‌వేరూ ఎంపిక చేయలేదు. ఫ్రెషర్ల జీతం ఎగ్గొట్టి బోర్డు తిప్పేసేది ఎక్కువగా అలాంటి కంపెనీలే. కో-వర్కింగ్ స్పేస్‌లో రెండు టేబుళ్లు తీసుకుని, ఆర్నెల్లకు మాయమయ్యే రకం.

కాబట్టి ఆచరణలో ఈ చట్టం ఫిర్యాదుతోనే కదులుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు రిలీవింగ్ లెటర్ ఆగిపోతుందన్న భయంతో ఫిర్యాదు చేయడు. బకాయి 40,000 ఉంటే ‘పోనీలే’ అనుకుని ఇంకో ఇంటర్వ్యూకి వెళ్లిపోతాడు. కంపెనీలు లెక్కేసుకునేది ఆ ‘పోనీలే’నే. దీనికి కోడ్‌లోనే ఓ విరుగుడు ఉంది. ఒక సంస్థలో ఎంతమందికి బకాయి ఉన్నా అందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టొచ్చు. లింక్డిన్‌లో పది మంది విడివిడిగా పోస్టులు పెట్టడం కన్నా, ఆ పది మంది కలిసి కార్మిక శాఖకు ఇచ్చే ఒక్క అర్జీకి బలం ఎక్కువ.

3,500 గీత అలాగే ఉంది

ఇప్పుడు రూం సంగతి. తెలంగాణలో అద్దె వివాదాలకు ఇప్పటికీ ఆధారం 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఆ రేటుకి మాదాపూర్‌లో, కూకట్‌పల్లిలో షేరింగ్ బెడ్ కూడా కష్టమే! మరి మీ ఫ్లాటుకు వర్తించేదేంటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మీరు రాసుకున్న అగ్రిమెంటు, సివిల్ కోర్టు. ఇరవై వేల అడ్వాన్స్ కోసం సివిల్ కోర్టుకి వెళ్లేదెవరు?

దీనికి మందు లేదని కాదు. 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇంటికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదని, గొడవ వచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదని అందులో ఉంది. విచారణకు ప్రత్యేక అద్దె అథారిటీలు, కోర్టులు ఉండాలనీ ఉంది. అయితే అది నమూనా మాత్రమే, చట్టం చేసుకోవాల్సింది రాష్ట్రాలు. కేంద్రం లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, యూపీ, అస్సాం ఆ దారిలో చట్టాలు మార్చుకున్నాయి. తమిళనాడులో వేరే ఒప్పందం లేకపోతే డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదు. అదే బెంగళూరు వెళ్తే ఐదు నుంచి పది నెలల అద్దె ముందే కట్టాలనే ఓనర్లు కనిపిస్తారు. తొలి జీతం రాకముందే అప్పు మొదలయ్యేది అక్కడే.

హాస్టల్, పీజీల్లో ఉండేవాళ్లకు ఓ దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ‘సేవ’ అన్న మాటలోనే వసతి, భోజనాన్ని చేర్చింది. కాబట్టి డబ్బు కట్టిన హాస్టల్ అడ్వాన్స్ ఇవ్వకపోతే ముందు 1915 హెల్ప్‌లైన్‌కి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. రెండేళ్లలోపు, మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు.

చేరే రోజే చేయాల్సినవి

1. ఆఫర్ లెటర్, పే స్లిప్‌లు, హెచ్ఆర్ మెయిళ్లు పర్సనల్ మెయిల్‌లో దాచుకోండి. ఉద్యోగం పోయిన రోజే ఆఫీస్ లాగిన్ కూడా పోతుంది.
2. అడ్వాన్స్ యూపీఐలో కట్టండి, నోట్‌లో ‘రూం అడ్వాన్స్’ అని రాయండి. క్యాష్ అడిగితే రసీదు తీసుకోండి.
3. అగ్రిమెంటులో పెయింటింగ్ కోత ఎంత, నోటీసు ఎన్ని రోజులు, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు అన్న మూడూ రాయించండి.
4. చేరిన రోజు రూం వీడియో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేయండి.

జీతం మీద ఉన్న పరిమితిని పార్లమెంటు తీసేసింది. అద్దె మీద ఉన్నదాన్ని తీయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. హైదరాబాద్‌కి కంపెనీలు తెస్తామని చెప్పే ప్రతి పార్టీనీ, ఆ కంపెనీల్లో పనిచేసే పిల్లలు ఉండే ఇళ్లకు ఏ చట్టం వర్తిస్తుందో అడగాలి. ఓటు హక్కు వచ్చిన మనం అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు?