ఫీజు కట్టే ముందు

ఏమ్మా, మీ అమ్మాయి ఇంజనీరింగు చదువుతోందా? ప్రాజెక్టుకి ‘మోడెలికా’ నేర్చుకోవాలి, కోర్సుకి వేలల్లో ఫీజు అంటే గాజులు తాకట్టుకి తీయకండి. మా పక్కింటి వదినకీ ఇదే మాట చెప్పాను.

మోడెలికా 1997లో వచ్చిన కంప్యూటర్ భాష. నిజంగా చేసి చూడకుండానే, ఏం జరుగుతుందో నమూనా కట్టి చూపిస్తుంది. పొయ్యి మీంచి దించిన కాఫీ ఎంతసేపటికి చల్లారుతుంది? రొయ్యల గుంటలో ఏరేటర్ ఆగితే ఆక్సిజన్ ఎంతసేపట్లో పడిపోతుంది? సమీకరణాలు రాసిస్తే లెక్క అదే కట్టి గీత గీస్తుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే గుంట గతేమిటో మన సముద్రపొడ్డు వాళ్ళకి నేను చెప్పాలా!

‘ఓపెన్ మోడెలికా’ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫోనులో కుదరదు, కంప్యూటర్ కావాలి. ఇంట్లో లేకపోతే కాలేజీ ల్యాబ్ ఉంది గదా. బొంబాయి ఐఐటీ వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’లో దీని పాఠాలు చిన్న చిన్న వీడియోలుగా ఉన్నాయి, డబ్బులక్కర్లేదు. ఒక పక్క వీడియో, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆపుకుంటూ చేస్తూ పోవాలి. ఊరికే చూస్తే ఏమొస్తుంది? చూసినంత మాత్రాన మనకి మైసూర్‌పాక్ కుదిరిందా?

మైకేల్ టిల్లర్ రాసిన ‘మోడెలికా బై ఎగ్జాంపుల్’ పుస్తకం కూడా ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఇంగ్లీషే గానీ, వేడి వస్తువు చల్లారే లెక్క మొదట్లోనే ఉంటుంది. నాకైతే అదే నచ్చింది.

రెండు వారాలు వీటితో కూర్చోనివ్వండి. రానివి కాగితం మీద రాసుకుని కాలేజీలో సారుని అడగమనండి. అప్పటికీ కోర్సు కావాలంటే, ఆ రానివి అందులో చెబుతారో లేదో కనుక్కున్నాకే ఫీజు కట్టండి.