చెట్టునకు వెల లేదా?

కాశ్మీరమునకు మంచు క్రొత్తది కాదు. ఆ సీమలోని నదులకును, ఊటలకును, పొలములకును మంచే ఆధారము. డిసెంబరు 21వ తేది మొదలు నలువది దినములు సాగు గడ్డుచలిని అచ్చటివారు ‘చిల్లై కలాన్’ అందురు. ఆ దినములలో కురిసిన మంచు కొండలపై గట్టిపడి, వేసవిదాక నిలిచి, జీలమునదికి నీరిచ్చును. అప్పటికి ఆపిలు చెట్లు ఆకు రాల్చి మోడులై యుండును గనుక వానికి భయము లేదు. అదే మంచు ఆరేడు వారములు ముందుగా వచ్చినచో వరము శాపమగును. 2018 నవంబరు 3వ తేదిని, మరల 2019 నవంబరు 7వ తేదిని జరిగిన దిదియే.

చలి యింకను ముదరని కాలమున పడు మంచు పొడిగా నుండదు. తడిసి బరువై యుండును. చెట్లపై ఆకు లింకను నిలిచియున్నవి. కొన్ని తోటలలో కాయయు కోయలేదు. ఆకాకున పేరుకొన్న మంచు బరువునకు కొమ్మలు విరిగినవి. మ్రాకులు పంగకడ నిలువున చీలినవి. షోపియాన్, పుల్వామా, కుల్గాం జిల్లాల రైతులు ఏండ్ల తరబడి పెంచిన తోటలు ఒక్క రాత్రిలో నేలవ్రాలుట కన్నులార చూచిరి. జమ్మూ–శ్రీనగరు బాట మూతపడి పండ్ల లారీలు దారిలో నిలిచిపోయినవి. విద్యుత్తు తీగలు తెగి పల్లెలు చీకటిపాలైనవి. బాటను మరల తెరచిరి. తీగలను మరల కట్టిరి. చెట్టును మరల నిలుపువా రెవరు?

పాతపద్ధతిని నాటిన ఆపిలు చెట్టు కాపునకు వచ్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టును. ఆ పిమ్మట అది దశాబ్దముల తరబడి కాచును. తండ్రి నాటినదానిని కొడు కనుభవించును. కావున విరిగినది ఒక యేటి పంట కాదు. ఒక కుటుంబపు మూలధనము. మన సహాయ నిబంధనలు ఈ భేదమును గుర్తింపకుండుటయే మా ఆక్షేపణ.

2018లో అమలునందున్న కేంద్ర నిబంధన ప్రకారము, మూడవవంతుకు తక్కువ కాకుండ నష్టపోయిన బహువార్షిక పంటలకు హెక్టారు ఒక్కింటికి 18,000 రూపాయలు, అదియు రెండు హెక్టారులకు మించకుండ, ఈయవలెను. 2022లో ఆ మొత్తమును 22,500 రూపాయలు చేసిరి. ఆరేసి మీటర్ల యెడముతో నాటిన తోటలో హెక్టారునకు సుమారు 277 చెట్లు పట్టును. భాగించి చూడుడు! చెట్టొక్కింటికి మొదటి లెక్కను 65 రూపాయలు, రెండవ లెక్కను 81 రూపాయలు. రాష్ట్రము తన వంతు చేర్చి మొదటి మొత్తమును రెండింతలు చేసినను 130 రూపాయలే. ముప్పదియేండ్లు కాయవలసిన చెట్టునకు ఇదియా వెల?

ఇది సహాయమే గాని నష్టపరిహారము కాదని అధికారులు బదులు చెప్పుదురు. నిబంధన మాటయు నదియే. కాని 2005లో చేసిన విపత్తు నిర్వహణ చట్టము, ఇండ్ల నష్టముతోపాటు జీవనాధారముల పునరుద్ధరణకును సహాయము చేయవలెనని 12వ సెక్షనున పలికినది. తోటరైతునకు చెట్టు కంటె వేరు జీవనాధార మేమి కలదు? పంటను చూచి చెట్టును మరచుట ఆ చట్టపు భావమునకే విరుద్ధము.

చెట్టును లెక్కించుట సాధ్యము కాదందురా? ఆ మంచునకు మూడు వారములు ముందు, 2018 అక్టోబరు 11వ తేదిని, తిత్లీ తుపాను మన శ్రీకాకుళపు ఉద్దానముపై పడి కొబ్బరితోటలను కూల్చివేసినది. అచ్చట కొబ్బరికి చెట్టు లెక్కను 1,500 రూపాయలు నిర్ణయించిరి. 2019లో దానిని 3,000 చేసిరి. ఆ మొత్తమును చాలినదని మే మనము. కొబ్బరి చెట్టు మరల కాచుదాక ఉద్దానపు రైతు పడిన కష్టము మన మెరుగుదుము. అయినను లెక్క చెట్టునుబట్టి కట్టవచ్చునని అది రుజువు చేసినది. సముద్రతీరమున సాధ్యమైనది హిమాలయపు లోయలో ఏల సాధ్యము కాదు?

కావున మేము కోరున దిది. బహువార్షిక తోటలకు సహాయమును చెట్ల లెక్కను, వాని వయసునుబట్టి నిర్ణయింపవలెను. కొత్త మొక్క కాపునకు వచ్చువరకు ఆ సహాయము ఏటేట అందవలెను. బీమాయు ఒక యేటి దిగుబడితో ఆగక చెట్టునకే వర్తింపవలెను. అప్పుల వాయిదాలను ఆ కాలమునకు తగినట్లు పొడిగింపవలెను. మరియు మంచు పడిన తొలి దినములలోనే కొమ్మలపై మంచు దులుపుటకును, చీలిన మ్రాకులను బిగించి మందు పూయుటకును ప్రతి తాలూకాలోను శిక్షితులైన సేవకుల దళములు సిద్ధముగా నుండవలెను. ధనము ఆలస్యముగ వచ్చినను రైతు బ్రతుకునేమో గాని, చీలిన చెట్టు వేచియుండదు.

కాశ్మీరపు పండు బెజవాడ బజారుకు వచ్చినపుడు దానిని మనదని కొని తినుచున్నాము. ఆ చెట్టు కూలినపుడు ఆ నష్టమును గూడ మనదని పంచుకొననిచో, దేశైక్యమును గూర్చి మన మాడు మాటలకు విలువ యేమి? పండునకు వెల కట్టిన దేశము చెట్టునకును వెల కట్టుట నేర్చుకొనుగాక!