కాళ్ళు ఎందుకు లావెక్కాయో ముందు తెలుసుకుందాం



ఓ.పి.లో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "సిస్టరమ్మా, మా అమ్మాయి చీలమండలు లావుగా ఉన్నాయి, పట్టీలు పట్టడం లేదు. సన్నబడడానికి ఏదైనా మాత్ర ఉంటే రాసివ్వండి" అంటారు. పెళ్ళిళ్ళ కాలంలో తల్లులు అడుగుతారు. మిగతా రోజుల్లో నడివయసు స్త్రీలు తమకోసమే అడుగుతారు. అడిగినవారిని మేము తప్పుపట్టము. తన కాళ్ళు అందంగా ఉండాలని ఏ ఆడపిల్లకైనా ఉంటుంది. అయితే ఎందుకు లావెక్కాయో తేలకముందే ఎలా సన్నబడాలా అని వెదకడం మంచిది కాదని మా అభిప్రాయం. అదే కొలత చీలమండ ఒకరికి అమ్మమ్మ పోలిక కావచ్చు, మరొకరికి కిడ్నీ జబ్బు తొలి గుర్తు కావచ్చు. ఇద్దరికీ ఒకే మాత్ర ఎలా పనిచేస్తుంది?

వాపా, ఒంటి తీరా?

దీనికి ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఉన్నది. చీలమండకు నాలుగు వేళ్ళ పైన, కాలి ముందు ఎముక మీద బొటనవ్రేలితో పది అంకెలు లెక్కపెట్టేవరకు నొక్కి వదలండి. గుంట పడి కొంతసేపు అలాగే ఉంటే అక్కడ నీరు చేరిందని అర్థం. పొద్దున్న మంచం దిగకముందు ఒకసారి, సాయంత్రం పని ముగిశాక ఒకసారి నొక్కి చూడండి. సాయంత్రం మాత్రమే కనిపించి తెల్లవారేసరికి తగ్గిపోయే వాపు చాలామందికి ఎక్కువసేపు నిలబడడం వలన, కాళ్ళు వ్రేలాడేసి కూర్చోవడం వలన వస్తుంది. బట్టల కొట్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, బస్సు కండక్టర్లు, మా నర్సులు కూడా ఇది ఎరుగుదురు. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో కుర్చీలో కూర్చుని లేచిన పెద్దలకు చెప్పులు బిగుసుకోవడం చూస్తూనే ఉంటాము. తెల్లవారినా తగ్గని వాపును మాత్రం డాక్టరు గారికి చూపించవలసిందే.

గుంట పడకుండా, నొప్పి లేకుండా, చిన్నతనం నుండి రెండు కాళ్ళూ ఒకే తీరుగా ఉంటే అది చాలావరకు వంశపు పోలిక. ఎముక వెడల్పు, పిక్క కండ ఎంత క్రిందివరకు దిగింది అనేవి పుట్టుకతో వచ్చినవి. వాటిని ఏ క్రీమూ, ఏ నూనే మార్చలేదు. ఒంటి బరువు ఎక్కువైనవారికి బరువు తగ్గితే కాళ్ళు కూడా కొంత తగ్గవచ్చు. చీలమండ దగ్గర కొవ్వును మాత్రమే కరిగించే వ్యాయామం లేదు. అలాంటిది ఉందని చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మకండి.

ఈ రెంటికీ చెందని మరో స్థితి ఉన్నది. దాన్ని లైపెడీమా అంటారు. ఇది దాదాపుగా స్త్రీలకే వస్తుంది. ఈడేరినప్పుడో, కాన్పు సమయంలోనో, ముట్లుడిగే వయసులోనో మొదలవుతుంది. తొడల నుండి చీలమండ వరకు రెండు కాళ్ళలోనూ సమంగా కొవ్వు చేరుతుంది, పాదం మాత్రం సన్నగానే ఉంటుంది. చీలమండ దగ్గర కడియం వేసినట్లు ఒక అంచు కనిపిస్తుంది. తాకితే నొప్పి, చిన్న దెబ్బకే కమిలిపోవడం దీని గుర్తులు. నడుము సన్నబడినా కాళ్ళు తగ్గవు. ఈ స్త్రీలను ఇంట్లోవాళ్ళు "తిండి తగ్గించు" అని సాధిస్తూ ఉంటారు. ఇది తిండిపోతుతనం వలన వచ్చినది కాదని ఆ ఇంటివారికి తెలియడమే సగం ఊరట. నడక, నీటిలో చేసే వ్యాయామం, డాక్టరు సలహాతో బిగుతు మేజోళ్ళు నొప్పిని, బరువును తగ్గిస్తాయి. కొవ్వు తీసే ఆపరేషను పెద్ద నగరాల్లో చేస్తున్నారు. అది ఖర్చుతో కూడినది, అందరికీ అవసరమయ్యేది కూడా కాదు.

నీరు పట్టడం వెనుక

రెండు కాళ్ళకూ నీరు దిగితే మేము ముందు గుండె, కిడ్నీలు, లివరు సంగతి ఆలోచిస్తాము. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, వెల్లకిల పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం ఉంటే గుండెను పరీక్షించాలి. తెల్లవారి లేచేసరికి కళ్ళ క్రింద ఉబ్బు, మూత్రంలో నురుగు ఉంటే కిడ్నీలను చూడాలి. పొట్ట కూడా ఉబ్బుతూ కళ్ళు పచ్చబడితే లివరును అనుమానించాలి. బాగా రక్తం తక్కువైనవారికి, తిండిలో మాంసకృత్తులు చాలనివారికి, థైరాయిడు మందకొడిగా పనిచేసేవారికి కూడా కాళ్ళు ఉబ్బుతాయి.

చాలామంది మరచిపోయే కారణం మందులు. బి.పి.కి వాడే ఆమ్లోడిపిన్ మాత్ర వలన కొందరికి చీలమండలు వాస్తాయి. మోకాళ్ళ నొప్పులకు నెలల తరబడి మింగే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, స్టిరాయిడ్లు, షుగరుకు ఇచ్చే పయోగ్లిటజోన్ కూడా నీటిని నిలుపుతాయి. అలాగని బి.పి. మాత్రను మీ అంతట మీరు మానవద్దు. మీరు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని ఓ.పి.కి తీసుకురండి. మందు మార్చడమా, మోతాదు తగ్గించడమా అన్నది డాక్టరు గారు చెబుతారు.

ఒక కాలే ఉన్నట్టుండి వాచి, పిక్కలో నొప్పి, ఎరుపు, వేడి ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు నూనె రాసి మర్దనా చేయకూడదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆపరేషను అయినవారు, బాలింతలు, చాలా రోజులు మంచం పట్టినవారు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కూతురి కాన్పుకని అమెరికాకు గంటల తరబడి విమానంలో వెళ్ళే తల్లిదండ్రులు కూడా మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయాలి, కూర్చున్నచోటే పాదాలు ఆడించాలి.

నీటి మాత్రల గురించి మా మనవి

మందుల షాపులో చీటీ లేకుండా కొన్న నీటి మాత్రతో రెండు రోజుల్లో పట్టీలు పడతాయి, నిజమే. ఫ్రూసెమైడ్ అనే ఈ మందు మంచి మందు. గుండె జబ్బులో ఊపిరాడని రోగికి మేమే రోజూ ఇస్తాము. కాని అది నీటితోపాటు ఒంట్లోని ఉప్పును, పొటాషియాన్ని కూడా బయటకు పంపుతుంది. పిక్కలు పట్టేయడం, నీరసం, కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పడం వరకు పోవచ్చు. కిడ్నీలు దెబ్బతినవచ్చు. మాత్ర ఆపగానే వాపు మళ్ళీ వస్తుంది, ఒక్కొక్కసారి ముందుకంటే ఎక్కువగా వస్తుంది. అన్నింటికన్నా పెద్ద నష్టం, వాపు తగ్గింది గదా అని అసలు జబ్బును నెలలపాటు మరచిపోవడం. పెళ్ళి ఫోటోలలో కాళ్ళు బాగుండాలని కిడ్నీల మీదకు తెచ్చుకోవడం ఏ తల్లికీ ఇష్టం కాదు. అందుకే చీటీ లేకుండా ఈ మాత్ర అడగవద్దని, అడిగినా అమ్మవద్దని మేము గట్టిగా చెబుతున్నాము.

బార్లీ నీళ్ళ సంగతి కూడా అడుగుతారు. ఆరోగ్యవంతులు త్రాగితే హాని లేదు. గుండె, కిడ్నీ జబ్బులవారికి డాక్టరు రోజుకు ఇన్ని నీళ్ళే అని లెక్క కట్టి ఉంటే బార్లీ నీళ్ళు కూడా ఆ లెక్కలోనివే.

గర్భిణీ స్త్రీలకు

నెలలు నిండే కొద్దీ సాయంత్రానికి పాదాలు కొద్దిగా ఉబ్బడం మామూలే. "కవలలేమో", "మగపిల్లవాడేమో" అని పెద్దలు నవ్వి ఊరుకుంటారు. కాని వాపు ముఖానికి, చేతులకు ఉన్నట్టుండి ప్రాకినా, తలనొప్పి, చూపు మసకబారడం, డొక్కల పైన నొప్పి వచ్చినా అది పెద్దలు గుర్రపువాతం అనే ప్రమాదానికి ముందు హెచ్చరిక కావచ్చు. అయిదు నెలలు దాటిన గర్భిణికి బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉంటే వెంటనే పరీక్షలు కావాలి. ఆలస్యమైతే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ అపాయం. ఉంగరం బిగుసుకుందంటే సబ్బు రాసి తీయించి ఊరుకోకండి, బి.పి. చూపించండి.

బోదకాలు

మన జిల్లాల్లో ఇప్పటికీ ఉన్న కారణం బోదకాలు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టడం వలన ఫైలేరియా పురుగు ఒంట్లో చేరుతుంది. ఏళ్ళ తరువాత గాని కాలు వాయదు. పురుగు పిల్లలు రాత్రివేళ రక్తంలోకి వస్తాయి కనుకనే ఆరోగ్య సిబ్బంది రాత్రి 8.30 దాటాక ఇంటికి వచ్చి వేలి నుండి రక్తం తీస్తారు. వారిని తిప్పి పంపకండి. 2004 నుండి మన దేశంలో ఏడాదికొకసారి ఊరంతటికీ మాత్రలు పంచే కార్యక్రమం నడుస్తున్నది. 2027 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలని ప్రభుత్వం గురి పెట్టుకున్నది. మీ ఊరిలో ఆ మాత్రలు ఇస్తే అన్నం తిన్న తరువాత, సిబ్బంది ఎదుటే మింగండి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బుతో ఉన్నవారికి మాత్రం ఇవ్వరు.

బోదకాలు తాకితే అంటదు, తల్లి నుండి బిడ్డకు వంశంగా రాదు. అయినా ఈ కాలు ఉన్న ఇంట పిల్లను చేసుకోమంటారు. గుడిలో చివరి వరుసలో, చీర అంచు క్రింద కాలు దాచుకుని కూర్చునే అక్కలను మేము చూస్తున్నాము. ఇది సంఘానికి తగని పని. ముదిరిన వాపును పూర్తిగా తగ్గించలేకపోయినా, పెరగకుండా ఆపవచ్చు. రోజూ సబ్బుతో మామూలు నీళ్ళతో కాలు కడగాలి, వేళ్ళ సందుల్లో తడి లేకుండా మెత్తని బట్టతో అద్దాలి, పుండుకు, ఒరుపుకు మందు రాయాలి, వట్టి కాళ్ళతో నడవకూడదు, పడుకున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. ఇలా చేసేవారికి చలిజ్వరంతో కాలు ఎర్రబారే బాధ తక్కువసార్లు వస్తుంది.

మీ చేతిలో ఉన్నవి

కారణం తెలిసి, డాక్టరు ఫరవాలేదన్న తరువాత ఇవి చేయండి. రోజుకు మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున, కాళ్ళు గుండెకంటె ఎత్తుగా ఉండేట్లు దిండ్ల మీద పెట్టుకోండి. ఆయాసం ఉన్నవారు మాత్రం ఇలా చేయకూడదు. కూర్చున్నచోటే పాదాన్ని పైకీ క్రిందికీ ఆడించండి, గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవండి. పిక్క కండ బిగిసినప్పుడల్లా క్రింది రక్తం పైకి పోతుంది. రోజుకు అరగంట నడవండి. ఉప్పు అన్నింటిలో కలిపి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఎండుచేపల్లో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బిగుతు మేజోళ్ళు పొద్దున్న మంచం మీద ఉండగానే వేసుకుని రాత్రి తీసివేయాలి. షుగరు ఉన్నవారు, పొగ త్రాగేవారు కాలి రక్తప్రసరణ పరీక్ష చేయించుకోకుండా అవి వేయకూడదు. షుగరు వలన స్పర్శ పోయిన పాదాలకు వేడినీళ్ళ కాపడం వద్దు. బొబ్బలెక్కినా తెలియదు. వాపు ఉన్నన్నాళ్ళు పట్టీలు తీసి ఉంచండి.

పెద్దలకు ఒక మాట. పెళ్ళిచూపుల్లో పిల్ల కాళ్ళు చూసి వంకలు పెట్టడం మన కుటుంబాల్లో మానాలి. ఆ మాట విన్న పిల్లలే చాటుగా మాత్రలు కొంటున్నారు. ఒక అమ్మాయి కాళ్ళు వాచినట్లు కనిపిస్తే పరీక్షకు తీసుకురండి, లావుగా పుట్టినవైతే వాటిని అలాగే ఉండనివ్వండి. స్త్రీల సమాజంవారు నెలకొకసారి కూడిక తరువాత ఒంటరి వృద్ధుల కాళ్ళు నొక్కి చూసి, గుంట పడినవారిని మా దగ్గరకు పంపితే అది మంచి పరిచర్య. నేర్పడానికి మా సిస్టర్లు సిద్ధంగా ఉన్నారు.

వైద్యుడైన లూకా వ్రాసిన సువార్త 14వ అధ్యాయంలో జలోదర రోగి ఒకడు కనిపిస్తాడు. ఒంట్లో నీరు చేరిన మనిషి. అది విశ్రాంతి దినమైనా ప్రభువు అతన్ని మరునాటికి రమ్మనలేదు, అప్పుడే బాగుచేసి పంపాడు. ఒక కాలు ఉన్నట్టుండి వాచినా, వాపుతో ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా, గర్భిణికి ముఖం ఉబ్బి తలనొప్పి వచ్చినా మీరు కూడా సోమవారం ఓ.పి. కోసం ఆగవద్దు. ఆదివారమైనా, అర్ధరాత్రి అయినా అత్యవసర విభాగానికి రండి. అక్కడ డ్యూటీలో మాలో ఎవరో ఒకరం ఉంటాము.